బొమ్మకు గొంతు: మాంగా మ్యూజికల్ అయ్యే తీరు

వేదిక మీద టెన్నిస్ మ్యాచ్ జోరుగా సాగుతోంది. ఆటగాళ్ల చేతుల్లో రాకెట్లున్నాయి, బంతి మాత్రం లేదు. రాకెట్ విసురుకు ఒక వెలుగుచుక్క లేచి నెట్ దాటుతుంది, స్పీకర్లలో బంతి తగిలిన చప్పుడు వినిపిస్తుంది, అవతలి కుర్రాడు పాట తెంపకుండానే దాన్ని తిప్పికొడతాడు. 2003లో టోక్యోలో మొదలై, తారాగణాలు మారుతూ రెండు దశాబ్దాలు దాటిన 'ద ప్రిన్స్ ఆఫ్ టెన్నిస్' మ్యూజికల్‌లోని ఉపాయమిది. బంతిని చూపించనక్కర్లేదని తేల్చుకున్న ఆ నిర్ణయంలోనే మాంగాను, అంటే జపాన్ బొమ్మల కథను, మ్యూజికల్‌గా మలిచే విద్య కిటుకంతా ఉంది.

జపాన్‌లో ఇప్పుడిదొక పరిశ్రమ. మాంగా, యానిమే, వీడియో గేమ్‌ల నుంచి పుట్టే నాటకాలను అక్కడ 'రెండున్నర డైమెన్షన్ల' రంగస్థలం అని పిలుస్తారు. 2014లో వీటికోసం ఒక సంఘమే ఏర్పడింది. మరుసటి ఏడాది టోక్యోలోని షిబుయాలో ప్రత్యేకంగా ఒక థియేటరు తెరిచారు. అది కొన్నేళ్లకే మూతపడినా నాటకాల జోరు తగ్గలేదు. ఏ నాటకం వచ్చినా అభిమానుల చర్చ మాత్రం ఒక్కచోటే తిరుగుతుంది: మూలానికి ఎంత కట్టుబడ్డారు? జుట్టు రంగు కుదిరిందా, ఫలానా డైలాగు ఉందా, ఫలానా పాత్రను తీసేశారా? ఇవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ వీటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. కాగితం మీద గీత చేసే పనిని వేదిక మీద ఏది చేస్తోంది? గత యాభై ఏళ్ల ప్రయత్నాలను ఈ ప్రశ్నతో తిరగేస్తే, ఏవి నిలిచాయో ఎందుకు నిలిచాయో కొంత తేటపడుతుంది.

తకరజూక: వేదిక నుంచి పేజీకి, పేజీ నుంచి వేదికకు

రైల్వే వ్యాపారి ఇచిజో కొబయాషి తన రైలు మార్గం చివరనున్న వేడినీటి బుగ్గల ఊరికి జనాన్ని రప్పించాలనుకున్నాడు. 1913లో అమ్మాయిలతో ఒక గాయక బృందం పెట్టాడు. మరుసటి ఏడాది, ఎవరూ ఈదని ఈతకొలను మీద పలకలు పరిచి కట్టిన హాల్లో వారి మొదటి ప్రదర్శన జరిగింది. అదే తకరజూక రెవ్యూ. మగ పాత్రలు సహా అన్నిటినీ స్త్రీలే వేస్తారు. ఆ ఊళ్లోనే పెరిగిన ఒసాము తెజుకా చిన్నప్పుడు తల్లి వెంట ఈ ప్రదర్శనలు చూశాడు. 1953లో ఆయన మొదలుపెట్టిన 'ప్రిన్సెస్ నైట్'లో రాకుమారుడిలా పెరిగే అమ్మాయి కథానాయిక. అమ్మాయిల మాంగాలో కనిపించే ఆ పెద్ద మెరిసే కళ్లకు తకరజూక మేకప్ కూడా ఒక మూలమని చరిత్రకారులు చెబుతారు.

అంటే మాంగా వేదిక దగ్గర అప్పు చేసే పుట్టింది. ఆ అప్పు 1974లో తీరింది. రియోకో ఇకేదా 1972-73లో ధారావాహికగా గీసిన 'ద రోజ్ ఆఫ్ వెర్సాయ్' ఫ్రెంచి విప్లవ కాలపు కథ. అందులో ఆస్కార్ అనే యువతి మగవాడిలా పెరిగి రాణి అంగరక్షక దళానికి నాయకత్వం వహిస్తుంది. మగ వేషాల్లో ఆరితేరిన స్త్రీల బృందానికి ఇంతకన్నా తగిన పాత్ర దొరకదు. అయినా ప్రకటన రాగానే మాంగా అభిమానులు ఒప్పుకోలేదు. తమ ఊహలోని ఆస్కార్‌ను ఏ మనిషీ వెయ్యలేదన్నది వారి వాదన.

దర్శకత్వానికి సినిమా నటుడు కజువో హసేగావాను పిలిచారు. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకీలో ఆడవేషాలతో తర్ఫీదు పొందిన మనిషి ఆయన. మాంగాలోని ప్రేమ సన్నివేశాన్ని సహజ నటనతో చేయించకుండా, నడుం విరిగేంత కష్టమైన భంగిమల్లో నిలబెట్టి, హాల్లోంచి చూసేవాళ్లకు అది పూర్తి పేజీ బొమ్మలా కనిపించేటట్టు తీర్చాడు. కళ్లలో దీపపు కాంతి తళుక్కుమనాలంటే చూపు పై అంతస్తులో ఎక్కడ నిలపాలో కూడా నేర్పాడని చెబుతారు. మాంగాలో కంటిపాపలో గీసే నక్షత్రాన్ని ఆయన లైటుతోనూ మెడ వంపుతోనూ సాధించాడన్నమాట. టీవీ దెబ్బకు కుదేలైన తకరజూకను ఈ నాటకమే నిలబెట్టింది. ఎన్నోసార్లు మళ్లీ వేశారు. 2014 నాటికి మొత్తం ప్రేక్షకులు 50 లక్షలు దాటారు.

బొమ్మల కంపెనీ, కొత్త కుర్రాళ్లు

రెండో దారి వేరే చోట మొదలైంది. 1991లో ఆటబొమ్మల కంపెనీ బాందాయ్ అండతో 'సెయింట్ సెయ్యా' మ్యూజికల్ వచ్చింది. అప్పటికింకా పెద్దగా పేరు రాని పాప్ బృందం స్మాప్ కుర్రాళ్లు అందులో వేశారు. తర్వాత స్మాప్ దేశమంతా మోగిపోయిన పేరు. 1993లో అదే కంపెనీ 'సేలర్ మూన్'ను వేదికెక్కించింది. టీవీలో యానిమే నడుస్తుండగానే పిల్లలు థియేటరుకు వచ్చి తమ కథానాయికలను చూశారు. 2005 వరకు ఏటేటా కొత్త కథలతో అది సాగింది. ఇక్కడ లెక్క సూటిగా ఉంటుంది: నాటకం బొమ్మలను అమ్ముతుంది, బొమ్మలు నాటకాన్ని అమ్ముతాయి.

2003 నాటి 'ప్రిన్స్ ఆఫ్ టెన్నిస్' ఈ లెక్కను పెద్దల థియేటరుకు తెచ్చింది. తకేషి కొనోమి గీసిన ఈ క్రీడా మాంగా 1999 నుంచి 2008 వరకు 'వీక్లీ షోనెన్ జంప్'లో వచ్చింది. నెల్కె ప్లానింగ్ సంస్థకు చెందిన మకోతో మత్సుదా నిర్మాతల్లో ఒకరు. యుకియో ఉఎషిమా దర్శకుడు, నృత్య దర్శకుడు కూడా. పేరున్న తారలు ఒక్కరూ లేరు. మొదటి రోజు సీట్లు చాలా ఖాళీగా ఉన్నాయని, చూసినవాళ్లు స్నేహితులకు ఫోన్లు చేసి చెబితే చివరి ఆటలకు హాలు నిండిందని ఆ నాటకం గురించి చెప్పుకునే మాట.

ఈ మ్యూజికల్‌కు ఊపిరిపోసింది దాని నిర్మాణ క్రమం. ఒక్కో నాటకం ఒక్కో స్కూలుతో మ్యాచ్. కథ ముందుకు సాగేకొద్దీ కుర్ర నటుల బృందం మొత్తం 'పట్టా పుచ్చుకుని' తప్పుకుంటుంది, ఆ యూనిఫాంలోకి కొత్తవాళ్లు వస్తారు. మాంగాలోని స్కూలు క్లబ్బులో జరిగేదే నాటక బృందంలోనూ జరుగుతుంది. మొదట్లో పాట సరిగా పాడలేని కుర్రాడు ఏడాది తర్వాత హాలును ఊపేస్తుంటే, ఆ ఎదుగుదలను చూడ్డానికే అభిమానులు మళ్లీ టిక్కెట్టు కొంటారు. తొలినాళ్లలో పాటల్లో మాటలు స్పష్టంగా వినబడక, వినబడ్డ తీరునే అక్షరాలుగా రాసి నవ్వుకునే వీడియోలు ఇంటర్నెట్లో తెగ తిరిగాయి. ఆ వెక్కిరింత కూడా నాటకానికి ప్రచారమే అయింది.

ఎక్కడ కొయ్యాలి

కథ ముందే తెలిసిన ప్రేక్షకుడు హాల్లో కూర్చుంటాడు. మన పద్య నాటకానికి ఇది కొత్త కాదు. రాయబారంలో ఏం జరుగుతుందో తెలుసుకుందామని ఎవరూ వెళ్లరు, కృష్ణుడు పద్యం ఎలా ఎత్తుకుంటాడో విందామని వెళ్తారు. కాబట్టి కథ మొత్తం చెప్పాల్సిన బరువు మాంగా నాటకం మీద లేదు. తీరా చూస్తే చాలా ప్రదర్శనలు కూలిపోయేది అక్కడే. వందల అధ్యాయాలను మూడు గంటల్లో కుక్కబోయి, పాత్రల హాజరుపట్టీ చదివినట్టు తయారవుతాయి.

కోత నేర్పు తెలిసినవి ఎలా చేశాయో చూద్దాం. 'వెర్సాయ్' 1974లో రాణి మేరీ ఆంట్వానెట్ కేంద్రంగా వచ్చింది. తర్వాత ఆస్కార్, ఆమె ప్రియుడు ఆంద్రెల కథగా, ఆపై రాణి ప్రియుడు ఫెర్సెన్ కథగా వేరువేరు నాటకాలయింది. తకరజూకలోని ఆయా ట్రూపులో అగ్రతార ఎవరో, ఆ తారకు ఏ పాత్ర నప్పుతుందో చూసుకుని కథ అటు తిరుగుతుంది. తెలుగువాళ్లకు ఈ పద్ధతి నేరుగా తెలిసిన సందర్భం ఒకటుంది. 2024 జనవరిలో తకరజూక స్టార్ ట్రూప్ రాజమౌళి 'ఆర్ఆర్ఆర్'ను మ్యూజికల్‌గా వేసింది. మూలం సినిమాయే అయినా కోత సూత్రం అదే. మూడు గంటల కథను సుమారు గంటన్నరకు కుదించారు. అగ్రతార రెయ్ మకోతో భీమ్ వేషం కట్టింది కనుక కథంతా భీమ్ వైపు నుంచి నడిచింది. నాటు నాటుకు మగ వేషాల స్త్రీలు చిందేశారు. ఆ మార్చిలో రాజమౌళి టోక్యో వెళ్లి ఆ ప్రదర్శన చూశారు. రామ్ కథకు అన్యాయం జరిగిందని మనం అనుకోవచ్చు. కానీ ఎవరి కళ్లతో చూడాలో ముందే తేల్చుకున్నందువల్లే గంటన్నర నాటకం అతుకులబొంత కాకుండా నిలిచింది.

2015లో సూపర్ కబుకీ 'వన్ పీస్' మరో మార్గం తొక్కింది. 1997 నుంచి సాగుతున్న ఆ మహా కథలోంచి కథానాయకుడు లూఫీ తన అన్న ఏస్‌ను కాపాడుకోబోయే ఘట్టాన్నే తీసుకుంది. అన్న కోసం తమ్ముడు పడే ఆరాటం, వీరమరణం, శోకం: ఇవన్నీ కబుకీకి వందల ఏళ్లుగా అలవాటైన సరుకు. సంప్రదాయం తనకు తెలిసిన రసం ఉన్న ఘట్టాన్ని ఏరుకుంది.

'డెత్ నోట్' కోత అన్నిటికన్నా తెగింపుది. సుగుమి ఓబా రాసి తకేషి ఒబాతా గీసిన ఈ 12 సంపుటాల మాంగాలో (2003-2006) పేరు రాస్తే ఆ మనిషి చచ్చిపోయే నోట్‌బుక్‌తో హత్యలు చేసే లైట్ అనే కుర్రాణ్ని వెంటాడే డిటెక్టివ్ ఎల్ నడిమధ్యలోనే చనిపోతాడు. తర్వాత ఎల్ వారసులతో లైట్ పోరు నడుస్తుంది. 2015లో టోక్యో నిస్సే థియేటర్లో వచ్చిన మ్యూజికల్ ఆ రెండో సగాన్ని మొత్తంగా వదిలేసి, లైట్, ఎల్ ఇద్దరి కథనూ ఒకే చోట ముగించింది. మాంగా అభిమానుల్లో దీన్ని క్షమించనివాళ్లున్నారు. నాటకం లెక్కలో చూస్తే, సమ ఉజ్జీలుగా ఇద్దరు నిలిచి యుగళగీతం పాడటానికి ఒక మ్యూజికల్‌కు అంతకన్నా ఏం కావాలి? ఎల్ పోయాక ఆ కుర్చీ నింపే గొంతు ఉండదు.

కాని పనిని చూపించడం

మాంగాలో గీతకు అసాధ్యం లేదు. చెయ్యి రబ్బరులా సాగుతుంది, సైకిలు కొండ మీదకు దూసుకుపోతుంది, గోడకన్నా ఎత్తైన రాక్షసుడు తొంగిచూస్తాడు. వేదికకు వచ్చేసరికి రెండు దారులున్నాయి: యంత్రాలతో నిజంగా చూపించడం, లేదా ప్రేక్షకుడితో ఒప్పందం కుదుర్చుకోవడం.

రెండో దారికి మేలైన ఉదాహరణ 2012లో మొదలైన 'యొవాముషి పెడల్' రంగస్థల పరంపర. ఇది సైకిల్ పందేల మాంగా. దర్శకుడు షాట్నర్ నిషిదా నటుల చేతికి హ్యాండిల్‌బార్లు మాత్రమే ఇచ్చాడు. చక్రాల్లేవు, సీటు లేదు. నిలబడ్డచోటే కాళ్లతో పెడలు తొక్కినట్టు ఆడిస్తూ, ముందుకు వంగుతూ, వరసలు మారుతూ పందెం నడిపిస్తారు. చిన్న చిన్న పాత్రలన్నీ వేసే బృందం ఆ చుట్టూ ఏటవాలు వంతెనలను నెట్టుకుంటూ కొండలనూ మలుపులనూ సృష్టిస్తుంది. రెండు గంటలు ఆగకుండా కాళ్లాడించే నటుడి చెమట నిజం. ఆ నిజం ముందు లేని సైకిలు ఎవరికీ గుర్తుకు రాదు. మాంగాలో వేగపు గీతలు చేసే పనిని ఇక్కడ ఒంటి అలసట చేసింది.

'వన్ పీస్'లో లూఫీ చెయ్యి సాగే చోట నటులు వరుసగా చేతులు కలిపి నిలబడి పొడవాటి చేతిని కట్టారు. వీడియో తెరలు, నిజం నీళ్ల జలపాతం, తీగ మీద ప్రేక్షకుల నెత్తిన ఎగరడం కూడా ఆ ప్రదర్శనలో ఉన్నాయి. కానీ ఎక్కువగా చప్పట్లు కొట్టించినవి కబుకీకి పాత విద్యలైన వేగంగా వేషం మార్చడం, గాలిలో ఎగరడం వంటివే. నాలుగో ఎన్నోసుకే ఇచికావా ఒక్కడే మూడు పాత్రలు వేశాడు.

యంత్రాల దారికి హెచ్చరిక అమెరికాలో ఉంది. 2011లో బ్రాడ్‌వేలో అధికారికంగా మొదలైన 'స్పైడర్‌మ్యాన్' మ్యూజికల్‌కు సుమారు 7.5 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఎగిరే దృశ్యాల్లో నటులకు గాయాలయ్యాయి. 2014 జనవరిలో భారీ నష్టంతో మూతపడింది. జపాన్‌లోనూ 2017లో 'వన్ పీస్' ఆడుతుండగా దుస్తులు వేదిక యంత్రంలో చిక్కుకుని ఎన్నోసుకే చెయ్యి విరిగింది. ఖర్చు, ప్రమాదం సరే, కళ దృష్టితో చూసినా పెద్ద తెరల మీద బొమ్మను కదిలిస్తే ప్రేక్షకుడు దాన్ని యానిమేతో పోల్చి చూస్తాడు. ఆ పోటీలో వేదిక గెలవదు. 2023లో వచ్చి మరుసటి ఏడాది న్యూయార్క్ కూడా చేరిన 'అటాక్ ఆన్ టైటాన్' మ్యూజికల్‌లోనూ తీగల మీద ఎగిరే ఒళ్లే గుండె దడ పెంచుతాయి తప్ప, తెర మీది రాక్షసులు కాదు.

పాట ఎక్కడ పుట్టాలి

ఇప్పుడు అసలు విషయం. నాటకంగా వేస్తే సరిపోయేదానికి మ్యూజికల్ ఎందుకు?

మాంగాలో కాలం సాగుతుంది. టెన్నిస్ బంతి నెట్ దాటే అరక్షణంలో ఆటగాడు నాలుగు పేజీల పాటు ఆలోచిస్తాడు. తండ్రిని తలచుకుంటాడు, పాత ఓటమి గుర్తుకొస్తుంది, పట్టుదల పుడుతుంది, అప్పుడు రాకెట్ తగులుతుంది. సినిమాలో ఇది నవ్వులపాలవుతుంది. పాటలో మాత్రం ఇది సహజం, ఎందుకంటే పాట కూడా క్షణాన్ని ఆపి మనసును విప్పుతుంది. మాంగా కాలమూ మ్యూజికల్ కాలమూ ఒకే రకంగా సాగుతాయి. ఈ జోడీ ఇంతగా కుదరడానికి నాకు తోచిన గట్టి కారణం ఇదే. జుట్టు రంగుకన్నా ఇది లోతైన పోలిక.

'డెత్ నోట్'కు సంగీతం కట్టింది 'జెకిల్ అండ్ హైడ్'తో పేరు పొందిన అమెరికన్ ఫ్రాంక్ వైల్డ్‌హార్న్. గీతాలు జాక్ మర్ఫీవి, కథనం ఐవన్ మెంచెల్‌ది, దర్శకత్వం తమియా కురియామాది. నోట్‌బుక్‌లో పేరు రాయడం తప్ప పెద్దగా చేతలు లేని కథ అది, అంతా ఎత్తుకు పైఎత్తు ఆలోచనే. క్లాసులో న్యాయం గురించి జరిగే వాదన మొదటి పాటకు అంకురం అవుతుంది. లైట్, ఎల్ ఒకరినొకరు అంచనా వేసుకునే టెన్నిస్ ఆట యుగళగీతమైంది: మాటలతో చెప్పుకోలేని అనుమానాన్ని ఇద్దరూ ఒకే స్వరం మీద పంచుకుంటారు. అదే నాటకంలో భావాలను ఆరబోసే ప్రేమగీతాలు నీరసంగా ఉంటాయన్న విమర్శా ఉంది. మూలంలో ఆలోచన లేని చోట పాట అతికిస్తే ఇంతే.

'యువర్ లై ఇన్ ఏప్రిల్' చిక్కు మరో రకం. నవోషి అరకావా మాంగాలో తన పియానో శబ్దం తనకే వినబడని కుర్రాడు కథానాయకుడు. పేజీ మీద సంగీతం మౌనంగా ఉంటుంది కనుక, ప్రతి పాఠకుడూ తను ఊహించగల అత్యుత్తమ సంగీతాన్ని అందులో వింటాడు. వేదిక మీద ఎవరో ఒకరు నిజంగా వాయించాలి. ఊహతో పోటీ పడే ఆ వాయిద్యం ఎంత గొప్పదైనా ఒక మెట్టు కిందే ఉంటుంది. సంగీతం గురించిన మాంగాయే మ్యూజికల్‌కు అన్నిటికన్నా కష్టమైన ముడిసరుకు కావడం విచిత్రమే.

నటుడూ బొమ్మా

రెండున్నర డైమెన్షన్ల నాటకాల మీద గట్టి విమర్శ ఏమిటంటే, నటుడు పాత్రకు వ్యాఖ్యానం చెప్పడం మానేసి బొమ్మకు నకలు అవుతాడని. ఇందులో నిజం ఉంది. విగ్గు, స్వరం, నిలబడే తీరు అన్నీ యానిమేలో ముందే స్థిరపడి ఉంటాయి. నటుల ఫొటోల అమ్మకం, వీడియో డిస్కులు, పాటల కచేరీలు ఆదాయంలో భాగం కాబట్టి పాత్ర ఆకారాన్ని చెదరనివ్వని ఒత్తిడి ఉంటుంది. ప్రదర్శనలు కొద్ది రోజులో కొద్ది వారాలో మాత్రమే ఆడతాయి, టిక్కెట్లు అభిమానులకే చాలవు. బయటి ప్రేక్షకుడికి చోటు లేని కళ తనలో తానే ముడుచుకుపోయే ప్రమాదం ఉంది.

కానీ కట్టుబాటు ఉన్నచోట కళ చచ్చిపోతుందనుకుంటే కబుకీ ఎప్పుడో చచ్చిపోయేది. ముఖ్యం కట్టుబాటు లోపల నటుడికి ఏం మిగిలింది అన్నది. 2018లో తకరజూక వేసిన 'పో నో ఇచిజోకు' దీనికి మంచి జవాబు. మోతో హగియో 1972లో మొదలుపెట్టిన ఈ మాంగాలో ఎడ్గర్ ఎన్నటికీ పెరగని రక్తపిశాచి బాలుడు. దర్శకుడు షువిచిరో కొయికె దీన్ని వెయ్యాలని మూడు దశాబ్దాలకు పైగా కోరుకున్నాడు. బాలుడి ఒంట్లో వందల ఏళ్ల మనసుండాలి. పిల్లవాడు వేస్తే మనసు చాలదు, పెద్ద మగవాడు వేస్తే ఒళ్లు కుదరదు. మగ వేషంలో ఏళ్లు గడిపిన స్త్రీ వేసినప్పుడే వయసూ లింగమూ రెండూ తేలిపోయి ఎడ్గర్ నమ్మదగినవాడయ్యాడు. ఇది నకలుతో సాధ్యమయ్యే పని కాదు.

ఎల్లలు దాటితే

ఈ ప్రదర్శనలు విదేశాలకు వెళ్లే తీరు రెండు రకాలు. 2015 'నరుతో' బృందం ఆసియా దేశాల్లో తిరిగినట్టు, జపాన్ తారాగణంతో సబ్‌టైటిల్స్ పెట్టుకుని వెళ్లడం ఒకటి. అక్కడికి వచ్చేది ముందే అభిమానులైనవాళ్లు. స్థానికంగా కొత్తగా నిర్మించడం రెండోది. 'డెత్ నోట్' 2015లోనే దక్షిణ కొరియా చేరింది. హాంగ్ క్వాంగ్-హో, కిమ్ జున్సు వంటి బలమైన గాయకుల చేతిలో పాటల నాటకంగా అక్కడ పాతుకుపోయింది. 2023లో లండన్‌లో కచేరీ రూపంలో వచ్చినప్పుడు టిక్కెట్లు వేగంగా అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది అదే లండన్‌లో 'యువర్ లై ఇన్ ఏప్రిల్' పూర్తి నాటకంగా హెరాల్డ్ పింటర్ థియేటర్లో ఆడి, అనుకున్న గడువుకన్నా ముందే దిగిపోయింది. కచేరీకి అభిమానులు చాలు. నెలల తరబడి ఆడే నాటకానికి మాంగా పేరే విననివాళ్లు కూడా రావాలి. అలాంటివాళ్లకు పాత్ర ముఖం గుర్తుండదు కనుక, నాటకం సొంత కాళ్ల మీద నిలబడి ఉంటేనే బతుకుతుంది.

లెక్క తేల్చితే

తకరజూక తార వైపు నుంచి, టెన్నిస్ కుర్రాళ్లు జట్టు వైపు నుంచి, కబుకీ సంప్రదాయం వైపు నుంచి, వైల్డ్‌హార్న్ పాట వైపు నుంచి మాంగాను సమీపించారు. నాలుగు దారులూ నడిచినవే. పనికి రానిదల్లా ఏ దారీ ఎంచుకోకుండా, పేజీలో ఉన్నవన్నీ వరుసగా వేదిక మీద పేర్చే పద్ధతి. బొమ్మకు అతి దగ్గరగా వెళ్లాలని చూసిన నాటకమే తరచూ చదివిన అనుభవానికి దూరమవుతుంది. పాఠకుడు మాంగాను కళ్లతో ఎంత చూస్తాడో ఊహతో అంత పూరిస్తాడు. ఒక గడికీ ఇంకో గడికీ మధ్య తెల్లని ఖాళీలో జరిగేదంతా అతని సొంత పని. ఆ ఖాళీని నింపేసే నాటకం అతని చేతిలోని పనిని లాక్కుంటుంది. బంతి చూపని టెన్నిస్, చక్రం లేని సైకిలు అతని పనిని అతనికే వదిలాయి. మూలానికి కట్టుబడటమంటే ఇదే. కాబట్టి మాంగా హక్కులు కొన్న నిర్మాత వేషాల కొలతలు తీయించకముందే తన దర్శకుణ్ని అడగాల్సింది ఒకటే: ఈ కథలో మనం చూపించకుండా వదిలేది ఏమిటి? దానికి సూటిగా జవాబు చెప్పలేని దర్శకుడికి ఇంకా నాటకం దొరకలేదని అర్థం.